కడిగిన బొంత

అనగనగా ఒక అడవిలో, ఒక వాగు ఒడ్డున, ఎవరింట్లో ఏం జరిగినా తెల్లారేసరికి అందరికీ తెలిసిపోయే చోట, కొన్ని జంతువులు కాపురముండేవి. అక్కడ రహస్యమంటే, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే సంగతి. నేనైతే ఎవరినీ ఆడిపోసుకోను. జరిగింది జరిగినట్టు చెబుతాను. మీరు మధ్యలో ఏడవకండి. ఏడ్చినా కథ మారదు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. చలి ముదరకముందే, ఆ ఏడు పిల్లలు పుట్టబోయే ఇంటికి అందరూ కలిసి ఒక బొంత కుట్టి ఇచ్చేవారు. ప్రతి ఇంటి నుంచీ ఒక గుడ్డ రావాలి. కొత్త గుడ్డ పనికిరాదు. ఉతికిన గుడ్డ అసలే పనికిరాదు. రోజూ పడుకునే పక్క మీది గుడ్డ, ఒంటి వాసన పట్టిన గుడ్డ ఇవ్వాలి. ఆ బొంతలో పెరిగే పిల్లలు కళ్ళు తెరవకముందే అందరి వాసనా నేర్చుకునేవారు. తల్లి మేతకు పోతూ ఒక్కటే మాట చెప్పేది.

"బొంతలో ఉన్న వాసన వస్తే మనవాళ్ళు. పిలిస్తే వెళ్ళండి. బొంతలో లేని వాసన వస్తే కదలకండి. మాటలు ఎవరైనా నేర్చుకుంటారు. వాసన నేర్చుకోలేరు."

బొంత కుట్టే రోజులే ఆ అడవికి పండగ. ముళ్ళపంది కోటమ్మ తన ఒంటి ముళ్ళు పీకి అందరికీ సూదులుగా ఇచ్చేది. సూదితో పాటు ఒక తిట్టు కూడా ఇచ్చేది. బూరుగుదూది పరిచి, కిందా పైనా గుడ్డలు పేర్చి, చుట్టూ కూర్చుని అంచు నుంచి నడిమికి కుట్టుకుంటూ వచ్చేవారు. అడవిపంది పోలయ్య కుట్టు ఎప్పుడూ వంకరే. "అన్నా, నీ కుట్టు మీ ఇంటికి పోతోంది, పట్టుకో!" అని నవ్వేవారు. ముసలి గబ్బిలం సీతాలు తలకిందులుగా వేలాడుతూ కుట్టేది. తిన్నగా వచ్చేవి ఆవిడ కుట్లు మాత్రమే. పోలయ్య పాట కూడా పాడేవాడు. ఆపమంటే ఇంకా గట్టిగా పాడేవాడు. నవ్వి నవ్వి ఎవరో ఒకరు తమ తోకను బొంతకు కలిపి కుట్టేసుకునేవారు. పని అందరిదీ, బొంత ఒకరిది. మరుసటేడు ఇంకొకరిది. అందుకే ఎవరికీ ఈర్ష్య ఉండేది కాదు. అంటే, బొంత విషయంలో ఉండేది కాదు. మిగతా విషయాల్లో పుష్కలంగా ఉండేది.

ఆ ఏడు వంతు కుందేలు నరసమ్మది.

నరసమ్మ మంచిదే. కాకపోతే ఆవిడకు ఒక వదిన ఉంది. వాగవతలి గుట్ట మీద ఉంటుంది. పోయినేడు దుప్పి ఇంట్లో బొంత చూసి ఆ వదిన ముక్కు మూసుకుంది. "మీ వైపు పిల్లల్ని బొంతలో పడుకోబెడతారా, పెంటలో పడుకోబెడతారా?" అంది. అంది, మరిచిపోయింది. నరసమ్మ మరిచిపోలేదు. కుందేళ్ళు గడ్డి నెమరెయ్యవంటారు. మాటల్ని మాత్రం బాగానే వేస్తాయి.

ముందుగా పోలయ్య వచ్చాడు. నోట గోనెపట్టా పట్టుకొచ్చాడు. దాని మీద బురద అట్టలు కట్టి ఉంది.

"అన్నా, ఇది గుడ్డా, మడుగా?" అంది నరసమ్మ.

"రెండూనమ్మా. మడుగులో పరుచుకుని పడుకుంటాను కదా," అన్నాడు పోలయ్య.

"కడిగినా పోయేలా లేదు. పిల్లల్ని చూడ్డానికి మా వదిన వస్తుంది. నువ్వేమీ అనుకోకు. దీన్ని బయటే ఉంచు."

పోలయ్య గోనెపట్టాను గుమ్మం బయట పెట్టి వెళ్ళిపోయాడు. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే పోలయ్యకు వచ్చిన అన్నిటికంటే పెద్ద తిట్టు.

తర్వాత సీతాలు వచ్చింది. ఆవిడ గుడ్డ గురించి నేను చెప్పను. గబ్బిలాల ఇల్లు మీకు తెలుసుగా. నరసమ్మ ఊపిరి బిగబట్టి, ఆ గుడ్డను కుంకుడు నురుగులో ముంచి, బండకేసి బాదింది.

"ఓసి పిల్లా, గుడ్డను బాదుతున్నావా, నన్ను బాదుతున్నావా?" అంది సీతాలు.

ఆ ఊపులో నరసమ్మ కోటమ్మ గుడ్డనూ ఉతికింది. దుప్పి గుడ్డనూ, ఉడుత గుడ్డనూ, ఇంటింటి నుంచీ వచ్చిన అన్ని గుడ్డల్నీ ఉతికి బండల మీద ఆరేసింది. చూడ్డానికి కొంగలు వాలినట్టు ఉన్నాయి.

అప్పుడు నక్క వచ్చింది. నక్కను బొంత కుట్టడానికి ఎప్పుడూ ఎవరూ పిలవలేదు. పిలవలేదని నక్క ఎప్పుడూ నొచ్చుకోలేదు. నొచ్చుకోనివాళ్ళతో కొంచెం జాగ్రత్తగా ఉండాలి.

నక్క తెచ్చింది పట్టుగుడ్డ. నెమలి మెడ రంగు. జరీ అంచు. ఎక్కడ దొరికిందో ఎవరూ అడగలేదు.

"చెల్లెమ్మా, పేదవాడి కానుక. నడిమిన పెట్టి కుట్టించు. తడపకు సుమా, పట్టు ముడుచుకుపోతుంది," అంది నక్క.

కోటమ్మ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. "వీడి పక్కగుడ్డ మన బొంతలోనా, నరసమ్మా? మా గుడ్డలన్నీ ఉతికి, వీడిది ఉతకకుండానా?"

"గుడ్డకేం తెలుసక్కా, తను ఎవరిదో?"

"గుడ్డకు తెలీదు. పిల్లలకు తెలుస్తుంది."

"అదంతా పాతకాలం చాదస్తం," అంది నరసమ్మ.

కోటమ్మ గొణుక్కుంటూ కుట్టడానికి కూర్చుంది. ఆ ఏడు ఎవరూ నవ్వలేదు. వంకర కుట్టు వేసేవాడు లేడు, పాడేవాడు లేడు. మాటలు లేని చోట పని తొందరగా అవుతుంది. చివరి మూల దగ్గర కోటమ్మకు దారం అయిపోయింది. అయిపోయిందో, అయిపోయినట్టు నటించిందో ఆవిడకే తెలియాలి. గుమ్మం బయట పడి ఉన్న పోలయ్య గోనెపట్టాలోంచి పోగులు లాగి, ఆ మూలను గోనె దారంతోనే కుట్టేసింది.

నరసమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టారు. పెద్దదీ రెండోదీ బొంత నడిమి పట్టుగుడ్డను ఆక్రమించుకున్నాయి. చిన్నదాన్ని మూలకు తోసేశాయి. తోబుట్టువులంటే అంతే, మీకు నేను చెప్పక్కర్లేదు. చిన్నది ఆ మూలను నోట్లో పెట్టుకుని, గోనె దారం చప్పరిస్తూ నిద్రపోయేది.

పుష్యమాసంలో వదిన వచ్చింది. బొంత చుట్టూ తిరిగింది. మడత విప్పి చూసింది. పట్టును నిమిరింది.

"ఇప్పుడు బొంతలా ఉంది, వదినా," అంది.

ఆ ఒక్క మాటకు నరసమ్మ కడుపు నిండిపోయింది.

"నువ్వు కూడా మా ఇంటికి రా. నేను అల్లిన గడ్డిపరుపు చూద్దువుగాని. ఎంతలో వస్తావు!" అంది వదిన. పొగిడినవాళ్ళ వెంట పోవడం నరసమ్మకు ఎప్పుడూ కష్టం కాదు. గుమ్మంలో నిలబడి, వాళ్ళమ్మ చెప్పిన మాటే, వాళ్ళమ్మమ్మ చెప్పిన మాటే, తనూ చెప్పింది.

"బొంతలో ఉన్న వాసన వస్తే మనవాళ్ళు. పిలిస్తే వెళ్ళండి. లేని వాసన వస్తే కదలకండి."

నోటికి అలవాటైన మాట. చెబుతున్నప్పుడు తనేం చెబుతోందో తనకు తోచలేదు.

ఆ సాయంత్రం పైన కొండల్లో వాన పడింది. కింద ఒక్క చుక్క పడలేదు. వాగు మాత్రం పొంగింది. నరసమ్మ అవతలి గట్టున చిక్కుకుపోయింది. ఇవతల నీళ్ళు గట్టెక్కి, కుందేలు బొరియ వైపు పాకడం మొదలుపెట్టాయి.

మొదట సీతాలు చూసింది. రెక్కలు కొట్టుకుంటూ వచ్చి గుమ్మానికి వేలాడింది. "పిల్లలూ, బయటికి రండి! నీళ్ళొస్తున్నాయి! వెనక గుట్ట ఎక్కండి!"

పెద్దది ముక్కు ఆడించింది. "ఈ వాసన బొంతలో లేదు."

"ఉందర్రా! నా గుడ్డ ఉంది! మీ అమ్మ ఉతికేసింది!"

"లేదు," అన్నారు ముగ్గురూ. కదలలేదు. తల్లి చెప్పిన మాట వినే పిల్లలు. అంత బుద్ధిమంతులు ఆ అడవిలో లేరు.

సీతాలు వెళ్ళి కోటమ్మను పిలుచుకొచ్చింది. "నేనర్రా, మీ పెద్దమ్మను. ఆ బొంత కుట్టింది నేనే. రండి నాయనా!" అంది కోటమ్మ.

పెద్దది ముక్కు ఆడించింది. "ఈ వాసనా లేదు."

ఎత్తుకుపోదామంటే సీతాలుకు బలం చాలదు. కోటమ్మ ఎత్తుకుంటే ముళ్ళు దిగి పిల్లలు మిగలరు. సాయం తేవడానికి సీతాలు దుప్పి కోసం ఎగిరిపోయింది, కానీ దుప్పి ఎక్కడా దొరకలేదు. కోటమ్మ పోలయ్య మడుగు దగ్గరికి పరుగెత్తింది. పోలయ్య దుంపలు తవ్వుకుంటున్నాడు.

"లే పోలయ్యా! నరసమ్మ పిల్లలు మునిగిపోతున్నారు!"

"ఆ ఇంటికి నా గుడ్డ పనికిరాలేదు. నా వీపు పనికొస్తుందా?" అన్నాడు పోలయ్య.

"నీ గోనె దారం ఆ బొంత మూలలో ఉంది. నేనే కుట్టాను. మనవాళ్ళందరిలో మిగిలింది నీ వాసన ఒక్కటే. వస్తే నీతోనే వస్తారు. లేవరా!"

పోలయ్యకు అలక తీరింది. కానీ చేతిలో ఇంకో దుంప ఉంది. అది తిని లేచాడు.

ఆ దుంప తినేంత సేపట్లో నక్క వచ్చింది. అరవలేదు. పరుగెత్తలేదు. గాలి బొరియలోకి వీచే వైపు చూసుకుని కూర్చుంది. మూడు ముక్కులూ ఆడాయి.

"ఇది బొంత నడిమి వాసన!" అంది పెద్దది.

"మనవాళ్ళే!" అంది రెండోది.

"అవునర్రా, మామను. అమ్మ పంపింది," అంది నక్క.

చిన్నది మాత్రం మూల వదల్లేదు. "ఇది నా మూల వాసన కాదు. నేను రాను."

"నువ్వెప్పుడూ ఇంతే. మొండిదానివి," అని పెద్దది దాన్ని ఒక తోపు తోసి బయటికి వెళ్ళింది. రెండోది అక్క వెనకాలే వెళ్ళింది.

"ఇంకొకటి ఉండాలే?" అంది నక్క.

"రాదట మామా," అంది పెద్దది.

"సరే. రాకపోతే మానె. ఇద్దరు చాలు," అంది నక్క.

పోలయ్య వచ్చేసరికి నీళ్ళు గుమ్మంలో ఉన్నాయి. చిన్నది బొంతను బొరియ పైభాగానికి లాక్కుని, దాని మీద కూర్చుని దారం నములుతోంది. పోలయ్య మొహం లోపలికి పెట్టగానే, "నా మూల!" అని అరిచి అతని మెడ మీదికి దూకింది. బొంత వదలనంది. పోలయ్య దాన్ని కూడా వీపున వేసుకున్నాడు.

"మిగతా ఇద్దరూ ఏరి?" అన్నాడు.

"బొంత నడిమి మామతో వెళ్ళారు," అంది చిన్నది.

పోలయ్య పరుగెత్తాడు. అంత పెద్ద ఒంటితో అంత పరుగు ఎవరూ చూడలేదు. ఆ చీకట్లో నక్క ఏ దారిన పోయిందో మాత్రం అతనికి తెలియలేదు.

మర్నాడు వాగు తీశాక నరసమ్మ వచ్చింది. బొరియ వెనక గుట్ట వైపు తడిమట్టిలో అడుగులున్నాయి. ఒక పెద్ద జత. పక్కన రెండు చిన్న జతలు. ఎక్కడా ఈడ్చిన గుర్తు లేదు. పక్కపక్కనే, చెయ్యి పట్టుకుని పోయినట్టు, నడిచిపోయిన గుర్తులు.

నరసమ్మ బొంత ముందు పెట్టుకుని కూర్చుంది. అంచు నుంచి నడిమికి వాసన చూసుకుంటూ వచ్చింది. కుంకుడుకాయ. కుంకుడుకాయ. కుంకుడుకాయ. నడిమికి వచ్చాక ఆగిపోయింది.

పోలయ్య ఆ రోజు నుంచి దుంపలు తినడం మానేశాడని అంటారు. నేను చూడలేదు. వదిన పరామర్శకు వచ్చింది. బొంత గురించి ఏమీ అనలేదు.

మళ్ళీ చలికాలం ముందు, ఉడుత ఇంటి వంతు వచ్చింది. అందరూ గుడ్డలు తెచ్చారు. ఎవరూ ఉతకలేదు. పోలయ్య గోనెపట్టాను అన్నిటికంటే ముందు పరిచారు. అతని కుట్టు వంకరగానే పోయింది. ఎవరూ నవ్వలేదు గానీ, పాడమని అడిగారు. అతను పాడలేదు.

చివరికి నరసమ్మ వచ్చింది. రెండు గుడ్డలు తెచ్చింది. రెండోది మోదుగాకులో భద్రంగా చుట్టి ఉంది. నడిమి పట్టుగుడ్డను ఊడపీకి వాగులో పారేశాక, దాని కింద మిగిలిన నూలుగుడ్డ అది.

"ఇంటికి ఒక గుడ్డే కదా అత్తా?" అంది ఉడుత.

"ఒకటి నాది," అంది నరసమ్మ. "ఇంకోటి మా పెద్దపిల్లలిద్దరిదీ. ఉతకలేదు. వాళ్ళెప్పుడైనా తిరిగొస్తే, మీ పిల్లలకు మనవాళ్ళేనని తెలియాలి కదా."

 కోటమ్మ ఒంటి నుంచి ఒక ముల్లు పీకి నరసమ్మకు ఇచ్చింది. ఆ సూదితో మాత్రం తిట్టు ఇవ్వలేదు.

ఆ గుడ్డను నడిమిన పెట్టి కుట్టారు. వాళ్ళు రాలేదు.

నీతి: చేత్తో కుట్టి ఇచ్చిన దాంట్లో ఇచ్చినవాళ్ళే ఉంటారు. చూసేవాళ్ళ మెప్పు కోసం వాళ్ళను కడిగేసుకుంటే, చివరికి మిగిలేది పరాయివాడే.