అద్దంలో మేడూరు

మేడూరు రాజా సింహాద్రి భూపతికి ఓడలో వచ్చిన ఓ ఒలందా దేశపు వర్తకుడు చెక్కపెట్టె కానుకిచ్చాడు. అడుగున రంగుల బొమ్మ, దాని మీద వాలుగా అద్దం, ముందు భూతద్దం. కన్ను ఆనించి చూస్తే బొమ్మలోని వీధి నిజం వీధిలా లోపలికి సాగిపోతుంది. అది మేడూరు పట్టణమేనని వర్తకుడు చెప్పాడు. గీసినవాడు మాత్రం మేడూరు మొహం ఎన్నడూ చూడలేదు. కోటవాకిలి తప్ప తక్కినదంతా వాడి ఊహే. వాకిలికి ఎడమవైపు పెద్ద కాలువ, అందులో ఓడలు! మేడూరులో మనుషులకే తాగడానికి నీళ్ళు చాలవు.

ఊరు ఇలా ఉంటే ఎంత బాగుండేదన్నాడు రాజు. ఆయన తుమ్మినా రాగం వెతికే మనిషి దివాను జగ్గప్ప. అదెంత పని ప్రభూ అన్నాడు. కోటవాకిలికి ఎడమన ఉన్నది సాలెవీధి. నూరిళ్ళు కూల్చి కాలువ తవ్విస్తానన్నాడు. నీళ్ళెక్కడివని ఎవరూ అడగలేదు. మర్నాటికే సాలెలు మగ్గాలు విప్పి బళ్ళకెత్తసాగారు.

రాజుకు తాంబూలం అందించే అడపకత్తె నీలాలు పుట్టిల్లు ఆ వీధిలోనే. తల్లి ఏడుస్తూ కబురంపింది. నీలాలు పెట్టెలోకి ఓసారి తొంగి చూసింది. తర్వాత మూత తీసి కాగితాన్నీ చూసింది. అప్పటికి గుండె కుదుటపడింది.

సభలో దివాను కూలీలకు హద్దులు చెబుతుంటే, రాజుకు తాంబూలం అందిస్తూ నీలాలు తనకో సందేహమంది. అడగమన్నాడు రాజు.

"అద్దంలో కుడి ఎడమవుతుంది కదా ప్రభూ. దివానుగారు అద్దంలో చూసి చెబుతున్నారు. కాగితం మీద కాలువ ఎటుందో?"

రాజు బొమ్మను బయటికి తీయించాడు. కాలువ కుడివైపుంది. కోటవాకిలికి కుడివైపున ఉన్నది ఒకటే కట్టడం, పోయిన ఏడు గృహప్రవేశమైన దివానుగారి మూడంతస్తుల మేడ. రాజు కూలీలను అటు పొమ్మన్నాడు.

దివాను గద్దె ముందుకు పరుగెత్తాడు.

"గీసినవాడు మన ఊరు చూడనేలేదు ప్రభూ. అంతా వట్టి ఊహ. ఎవడో గీసిన కాగితం పట్టుకుని కొంపలు కూల్చుకుంటామా?"

నీలాలు చేతులు జోడించింది.

"నా మాటా అదే ప్రభూ. నేనంటే అది అడపకత్తె వాగుడు, ఆయనంటే రాజనీతి. అందుకే ఆయన నోటనే చెప్పించాను."

రాజు పొలమారేదాకా నవ్వాడు. సభ కూడా నవ్వింది. తన బంగారు కంకణం తీసి నీలాలు చేతిలో పెట్టాడు. దివానును మాత్రం, పల్లకీ ఎక్కకుండా సాలెవీధికి నడిచివెళ్ళి, మగ్గాలు దించుకోమని ఇంటింటికీ చెప్పిరమ్మని పంపాడు.