సిరివాక కొలనులో ఊదాపూలు

అనగా అనగా, ఏరు ఇప్పటికంటే నిండుగా పారే కాలంలో, సిరివాక అనే చిన్న రాజ్యం ఉండేది. సోమభూపతి దానికి రాజు.

ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉంది. పూసిన మొక్కను ఎవరూ పీకకూడదు. పీకితే గడప తొక్కిన లక్ష్మిని గెంటినట్టేనని రాజుగారి ముత్తాత చేసిన కట్టడి అది. వంగ మొక్కయినా, ముళ్ల వాకుడైనా, పూత రాలేదాకా ఆగాల్సిందే. పూత ఎప్పుడో ఒకప్పుడు రాలేది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

ఒకనాడు ఓడ వర్తకుడొకడు రాణి హేమాంబికకు ఒక మొక్కను కానుకగా ఇచ్చాడు. దానికి మట్టి అక్కర్లేదు. నీటి మీద తేలుతుంది. కాడలు బూరెల్లా ఉబ్బి ఉంటాయి. పువ్వు లేత ఊదారంగు. పై రేకు మీద నెమలి కన్నులాంటి పసుపు చుక్క.

"దీనికి చాకిరీ అక్కర్లేదు తల్లీ. నీళ్లలో వదిలితే చాలు, అదే పెరుగుతుంది," అన్నాడు వర్తకుడు.

అతను అబద్ధం చెప్పలేదు.

రాణి దాన్ని కోట కొలనులో, తామరల పక్కన వదిలింది.

మొదట తామరలు పోయాయి. ఊదా మొక్క పిల్లలు పెట్టింది. ఆ పిల్లలు మళ్లీ పిల్లలు పెట్టాయి. తామరాకుకు ఎండ తగలకుండా కమ్మేశాయి. తోటమాలి పీకబోతే భటులు చెయ్యి పట్టుకున్నారు. మొక్క పూసి ఉంది.

తరువాత చేపలు. ఊపిరాడక శీలావతి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి వచ్చేవి. పైన సందు ఉండేది కాదు. "పూత రాలాక పీకిద్దాం," అన్నాడు రాజు. ఈ ఒడ్డున పూత రాలేసరికి ఆ ఒడ్డున పూసేది.

చివరికి కొలను తూము కూడా మూసుకుపోయింది. ఆ తూము నీరే ఊళ్లో తిరుపాలమ్మ అనే ఆవిడ తమలపాకు తోటకు ఆధారం. ఆమెకు ఆ తోట తప్ప మరో బతుకుతెరువు లేదు. తీగలు పండుబారడం చూసి ఆమె నేరుగా సభకు వచ్చింది.

"మహారాజా, ఇంకొన్నాళ్లు నీళ్లు రాకపోతే మీరు తాంబూలంలో వేపాకు నమలాలి," అంది.

రాజు కొంచెం నవ్వి, వెంటనే మానేశాడు.

సేనాపతి లేచాడు. "ఏనుగులను దింపుదాం ప్రభూ."

"తొక్కించినా పీకినట్టే," అన్నాడు రాజు.

మంత్రి లేచాడు. "కొత్త కొలను తవ్విద్దాం."

"మీరు తవ్వేలోగా నా తోట ఎండుగడ్డి అవుతుంది బాబూ," అంది తిరుపాలమ్మ.

పురోహితుడు గొంతు సవరించుకున్నాడు. "అమావాస్య దాకా ఓపిక పడితే..."

"అవేమన్నా పంచాంగం చూసుకుని పూస్తున్నాయా స్వామీ?" అంది తిరుపాలమ్మ.

రాజు తల అడ్డంగా ఊపాడు. "కట్టడి నేనే తప్పితే, రేపు ఎవడి కంటికి అడ్డమైన మొక్కను వాడు పీకేస్తాడు. నేను తప్పను."

తిరుపాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు తెర వెనకనుంచి రాణి బయటికి వచ్చింది.

"ఆ మొక్కను తెచ్చింది నేను. పువ్వు చూసి తెచ్చాను. ఇంకేమీ అడగలేదు. తప్పు నాది," అంది. తరువాత రాజువైపు తిరిగింది. "ప్రభూ, పూసిన మొక్కను పీకకూడదు, సరే. పువ్వు కోయవచ్చా?"

"కోయక? రోజూ పూజకు కోస్తూనే ఉన్నాం కదా."

"పువ్వూ మొగ్గా లేని మొక్కకు కట్టడి అడ్డమా?"

"అడ్డం కాదు," అన్నాడు రాజు.

మర్నాడు తెల్లవారుతూనే ఊరంతా బుట్టలతో కొలనులో దిగింది. రాణి కూడా మోకాటిలోతు బురదలో నిలబడింది. ముందువాళ్లు పూలూ మొగ్గలూ కోశారు. వెనకవాళ్లు మొక్కలు పీకారు. కొత్త మొగ్గ వేయడానికి వాటికి వ్యవధి ఇవ్వలేదు.

పీకినవాటిని గట్టు మీదే కుప్ప పోశారు. అది పొరపాటు. పెద్ద వాన కురిసి సగం మొక్కలు తిరిగి కొలనులోకి జారాయి.

"దయ్యాన్ని వెళ్లగొట్టి అరుగు మీద కూర్చోబెడతారా!" అని తిరుపాలమ్మ అందరినీ తిట్టింది. రాణిని కూడా వదల్లేదు.

మళ్లీ కోశారు, మళ్లీ పీకారు. ఈసారి దూరంగా మెరక మీదికి మోసి ఎండబెట్టారు. ఎండినదాన్ని గోతుల్లో కుళ్లబెట్టి ఎరువు చేశారు. ఆ తరువాత కూడా కొలను చుట్టూ కాపలా తిరిగి, చిన్న పిలక కనబడినా పూయకముందే తీసేశారు.

తూములో నీరు కదిలింది. తమలపాకు తీగల్లో సగం చచ్చాయి, సగం బతికాయి. బతికినవాటి ముక్కలు తుంచి తిరుపాలమ్మ మళ్లీ తోట వేసుకుంది.

ఖాళీ కొలనులో తామరలు వేయాలనుకుంది రాణి. ఈసారి ముందు తిరుపాలమ్మను పిలిపించింది. "ఇది ఎంతదూరం పాకుతుంది?" అని అడిగింది.

"తామర కూడా తక్కువది కాదు తల్లీ. నేలలో నాటొద్దు. కుండీలో నాటి, ఆ కుండీని ముంచండి. సగం నీళ్లు ఎండకూ గాలికీ వదలండి. చేపలు కూడా మీ బిడ్డలే కదా."

రాణి అలాగే చేసింది.

రాజు పాత కట్టడిని రద్దు చేయలేదు. దాని పక్కన ఇంకొకటి చేర్చాడు. కొత్త మొక్కను తెచ్చేవాడు, అది ఎక్కడ ఆగుతుందో ముందు చెప్పాలి.

పీకడం కష్టమైనచోట, నాటే ముందే ఆలోచించాలి.