తాటిమట్టకు పళ్లొచ్చిన కథ

ఒకప్పుడు తాటిమట్ట అంచుకు ఈ రంపపు పళ్లు లేవు. అరటిమట్టలా నున్నగా ఉండేది.

ఆ నునుపే చెట్టు ప్రాణం మీదికి తెచ్చింది. కల్లు మరిగిన ఎలుగుబంటి ఒకటి రోజూ పొద్దున్నే చెట్టెక్కేది. మట్టలు పట్టుకుని గుంజి, కుండలో కల్లంతా తాగి, తూలుకుంటూ పోయేది.

చెట్టును గీసే ముసలి మల్లాగౌడుతో తాడిచెట్టు ఏడ్చుకుంది.

"మల్లాగౌడూ, మిగతా చెట్లకు కొమ్మ పోతే కొమ్మొస్తది. నాకున్నది ఒక్కటే తల. నా మొవ్వు విరిగితే నేను లేనట్టే."

మల్లాగౌడు మాత్రం ఏం చేస్తాడు, పాపం! ఆయన చేతిలో ఉన్నది ముత్తాత నాటి పెద్ద కత్తి. అదీ పనికిరాదనుకుని, చెట్టు పక్కనే కొలిమి పెట్టుకున్న కమ్మరి ఈరాచారికి ఇచ్చాడు.

"అంచంతా గంట్లు పడి పళ్లు తేలినయ్ చారీ. గౌడు చేతిల పళ్ల కత్తేందని నలుగురూ నవ్వుతున్నరు. కరగదీసి మేకులు చెయ్యి."

కొలిమిలో పెట్టకముందే కత్తికి ఒళ్లు మండింది.

"మేకులా? నేనా? ఓరి మల్లిగా! మీ ముత్తాత నాతోనే ముళ్లపొదలు నరికి ఈ ఊరికి బాట తీసిండు. మీ తాత పెండ్లి పందిరికి గుంజలన్నీ నేనే కొట్టిన. ముసలితనంల మీకు పళ్లు ఊడుతయ్, నాకు మొలిచినయ్! సిగ్గెందుకురా? ఆ చెట్టు ఏడుపు నేనూ విన్న, నా పళ్లు దానికిస్త. నడువ్, నన్ను చెట్టెక్కించు."

మల్లాగౌడు మోకు వేసుకుని ఎక్కాడు. కత్తి ప్రతి మట్ట అంచునూ రాసుకుంటూ పోయింది. అటో వరుస, ఇటో వరుస. రాసినచోటల్లా తన ఇనుమే పళ్లయి నిలిచింది. కత్తి అరిగింది, సన్నబడింది, అయినా ఆగలేదు. చివరి మట్ట పూర్తయ్యేసరికి మల్లాగౌడు చేతిలో చెక్క పిడి ఒక్కటే మిగిలింది. ఆయన దాన్ని కళ్లకద్దుకుని ఏడ్చాడు.

మర్నాడు ఎలుగుబంటి ఎప్పటిలాగే వచ్చింది. ధీమాగా మట్ట పట్టుకుంది. "అమ్మో, కరిచింది!" అని కేకపెట్టి, జర్రున జారి, వెనక్కి చూడకుండా అడవిలోకి ఉరికింది.

తాడిచెట్టు తల పైకెత్తి గలగలా నవ్వింది.

"చూసినవా చారీ!" అన్నాడు మల్లాగౌడు, ఛాతీ విరుచుకుని. "అది మా ముత్తాత కత్తి!"

అప్పటినుంచే తాటిమట్టకు రెండు వైపులా పళ్లున్నాయి. కావాలంటే దగ్గరికెళ్లి చూడండి, మట్టంతా పచ్చగా ఉన్నా ఆ అంచు మాత్రం ఈనాటికీ ఇనుములా నల్లగానే ఉంటుంది.