ముత్యాలు గడప దాటిన రోజు

ఇటు తిరిగి పడుకో. దుప్పటి కాళ్ళ దాకా వచ్చిందా? పైవాటాలో పాప ఏడుస్తోందని నీకు నిద్ర పట్టట్లేదు, నాకు తెలుసు. మీ అమ్మ కూడా ఇందాక అదే గొడవ. వాళ్ళని ఖాళీ చేయమని చెప్పెయ్యమ్మా అని నా బుర్ర తినేసింది. మీ అమ్మకి జవాబు రేపు చెప్తాను. నీకు ఇప్పుడే చెప్తాను, ఊ కొట్టు మరి.

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక వీధి. ఆ వీధి చివర ఒక చిన్న ఇల్లు. ఆ ఇంటి దూలానికి ఒక చీర ఉయ్యాల.

ఆ ఊరు రేవులపేట. పక్కనే ఏరు. ఆ వీధిలో అందరూ చాపలల్లే వాళ్ళే. ఉయ్యాల ఉన్న ఇంట్లో సింహాద్రి, వాడి పెళ్ళాం అప్పలకొండ అద్దెకుండేవాళ్ళు. వాడు ఏటి ఒడ్డున తుంగ కోసుకొచ్చి ఎండబెట్టేవాడు, ఆ పిల్ల చాప అల్లేది. వాళ్ళకి మూడు నెలల కూతురు. పేరు ముత్యాలు. ఏడుపు మాత్రం ముత్యమంత కాదు, ఊరంత.

ఆ వరసలో ఆరిళ్ళూ నర్సాయమ్మవి. బజార్లో కిరాణా కొట్టు కూడా ఆవిడదే. నడుముకి పెద్ద తాళాల గుత్తి వేలాడేది. ఆ గుత్తి చప్పుడు వినబడితే చాలు, వీధిలో కబుర్లు ఆగిపోయేవి. మంచిదా చెడ్డదా అని అడక్కు. నోరు చెడ్డది. మిగతాది నువ్వే తేల్చుకో.

వానలు మొదలయ్యాయి. అప్పుడు చింతపండు వ్యాపారి ఒకడు నర్సాయమ్మ దగ్గరికొచ్చాడు. "నా గంపలు తడిసిపోతున్నాయమ్మా, ఆ చివరిల్లు ఇప్పించండి, అద్దె రెట్టింపు ఇస్తా" అన్నాడు.

ఆవిడ వెంటనే సరే అంది. ఆ సాయంత్రమే వీధి చివరికెళ్ళి, గుమ్మంలో నిలబడి, "ఎల్లుండికల్లా ఇల్లు ఖాళీ చెయ్యండి" అని చెప్పి వచ్చేసింది. కారణం కూడా చెప్పలేదు. చూశావా, చింతపండు తడవకూడదు. మూడు నెలల పాప తడిసినా ఫరవాలేదు.

మర్నాడు సింహాద్రి పాపని భుజాన వేసుకుని ఇల్లు వెతకడానికి బయల్దేరాడు. అప్పలకొండ గొడుగు పట్టింది.

మొదటి ఇంటాయన తలుపు తీశాడు. పాపని చూశాడు. "పిల్ల ఏడుస్తుంది, నాకు మధ్యాహ్నం కునుకు ఉండదు" అని తలుపేశాడు.

ఆ తర్వాత రెండో ఇంటికెళ్ళారు. "చంటిపిల్ల గుడ్డలు ఉతికితే నా నూతిలో నీళ్ళన్నీ అయిపోతాయి" అంది ఆ ఇంటావిడ. బయట కుండపోతగా వాన పడుతోంది, ఆవిడకి నూతిలో నీళ్ళ బెంగ.

ఆ తర్వాత మూడో ఇల్లు. ఆయన కాస్త మర్యాదస్తుడు, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. "ఇల్లు ఖాళీగానే ఉందయ్యా. కొత్తగా సున్నం వేయించాను. పిల్లలు గోడలు పాడుచేస్తారు కదా. దానికి కాస్త వయసొచ్చాక రండి" అన్నాడు.

వయసొచ్చేదాకా అది ఎక్కడుండాలో మాత్రం ఆయన చెప్పలేదు.

తడిసి ముద్దై ఇంటికొచ్చారు. ముత్యాలుకి తుమ్ములు పట్టుకున్నాయి. అప్పలకొండ కొంగుతో దాని తల తుడుస్తూ ఏడ్చింది. అప్పుడు ఎదురింటి పేరమ్మ వచ్చింది. పేరమ్మ ఆ వీధికి మంత్రసాని. ఆ వీధి పిల్లలందరికీ పురుడు పోసింది ఆ చేతులే. సంగతంతా వింది. లేచి కొంగు దోపుకుంది. వీధి వాళ్ళని వెంటేసుకుని నర్సాయమ్మ ఇంటి అరుగు మీదికెళ్ళి కూర్చుంది.

"ఏమిటీ దండయాత్ర?" అంది నర్సాయమ్మ.

"ఇల్లు మీది, ఎల్లిపోమంటే ఎల్లిపోతారమ్మగోరూ" అంది పేరమ్మ. "కానీ మా ఈదిలో ఓ కట్టుబాటుంది. దూలానికి ఉయ్యాల కట్టాక, పిల్ల తనంతట తాను గడప దాటే వరకూ ఆ తాడు ఇప్పం. ఎవులి కోసమూ ఇప్పం."

నర్సాయమ్మ లోపల కాస్త జంకింది. చంటిపిల్ల ఉయ్యాల విప్పించిన పాపం ఎందుకు, ఆ ఉసురు కొట్టుకి తగిలితే? పైకి మాత్రం లెక్కలేనట్టు, "సరే, గడప దాటేదాకా ఉండండి. దాటిన రోజే తాళం నా చేతికి రావాలి" అంది. అందరూ విన్నారు.

ఎందుకు ఒప్పుకుందో తెలుసా? ఆవిడ పెరట్లో దూడ పుట్టిన రోజే లేచి గంతులేసింది. మనిషి పిల్లకి మహా అయితే ఓ నెల పడుతుందనుకుంది. నవ్వకు. ఆవిడ ముగ్గుర్ని కంది, కానీ పెంచినదంతా వాళ్ళత్తగారు. ఈవిడ తెల్లారితే కొట్లో ఉండేది. ఏ పిల్ల ఎప్పుడు బోర్లా పడిందో, ఎప్పుడు పాకిందో ఆవిడ చూడనే లేదు.

వ్యాపారికి ఓ నెల ఆగమని కబురు పెట్టింది. ఆ తర్వాత రోజూ కొట్టు కట్టేసి ఇంటికెళ్తూ, పిల్ల గడప దాటిందా లేదా అని చూడ్డానికి వచ్చేది.

"ఇదేమిటి, ఇంకా వెల్లకిలా పడుకునే ఉంది?" అనేది.

"మూడు నెల్ల గుంట పడుకోక పరిగెడతాదేటమ్మగోరూ?" అనేది పేరమ్మ.

ఒకరోజు అలాగే వచ్చి ఉయ్యాలలోకి వంగింది. నడుముకున్న తాళాల గుత్తి గలగల్లాడింది. ముత్యాలు కళ్ళు పెద్దవి చేసింది. ఆ గుత్తిని చూసింది, ఆవిడ మొహం చూసింది. చూసి, పకపకా నవ్వింది.

అదే దాని మొదటి నవ్వు.

బిడ్డ మొదటిసారి నవ్వితే నువ్వుండలు చేసి పంచుతాం కదా. అప్పలకొండ పక్కింట్లో బెల్లం, ఎదురింట్లో నువ్వులు అడిగి తెచ్చి చేసింది. మొదటి పళ్ళెం నర్సాయమ్మకే పంపింది, నవ్వు చూసింది ఆవిడే కాబట్టి. ఆవిడ ఒక ఉండ తింది. ఇంకోటి కాగితంలో చుట్టి కొట్లో గల్లాపెట్టె వెనక దాచుకుంది.

నెల అయింది. వ్యాపారి వచ్చాడు. "ఇంకా ఎక్కడయ్యా, ఇప్పుడే నవ్వింది" అంది నర్సాయమ్మ. వాడికేం అర్థం కాలేదు. గంపల మీద టార్పాలిన్ కప్పుకున్నాడు.

వానలు తగ్గాయి. అప్పుడు ముత్యాలు బోర్లా పడింది. అదీ నర్సాయమ్మ ఎదురుగానే, తండ్రి తెచ్చిన తుంగతో తల్లి అల్లిన చాప మీద. బోర్లా పడి, కింద చెయ్యి ఇరుక్కుని, కోపంగా అరిచింది. ఆవిడే వంగి ఆ చెయ్యి ఇవతలికి తీసింది. ఆ రోజు వీధంతా బొబ్బట్లు. చిన్నవే, అరచేతిలో సగం ఉంటాయి. ఆవిడ రెండు తింది.

చలికాలం వచ్చింది. పాప పాకడం మొదలుపెట్టింది. వ్యాపారి మళ్ళీ వచ్చాడు. "కొత్త చింతపండు దిగుతోందమ్మా. పిల్ల గడప దాటడం ఎంతసేపు? అవతల ఏదైనా ఆటవస్తువు పెట్టండి, అదే వస్తుంది" అని ఉపాయం చెప్పాడు.

నర్సాయమ్మకి ఆ ఉపాయం నచ్చింది. అవును, నచ్చింది. నేనేం దాచను. ఆ సాయంత్రం గడప బయట మెట్టు మీద కూర్చుని, తాళాల గుత్తి తీసి గలగల్లాడించింది.

ముత్యాలుకి ఆ చప్పుడంటే ప్రాణం. ఇల్లంతా నవ్వుకుంటూ గబగబా పాక్కుంటూ వచ్చింది. తీరా గడప దగ్గరికొచ్చేసరికి అక్కడ ఒక పీట అడ్డం నిలబెట్టి ఉంది. నర్సాయమ్మ రోజూ చూస్తున్నా పట్టించుకోని పీటే. అది పీట పట్టుకుని మోకాళ్ళ మీద లేచింది. పీట ఒరిగిపోయింది. అంతలో వెనకనుంచి అప్పలకొండ పరిగెత్తుకొచ్చింది. పాప కాలు పట్టుకుని వెనక్కి లాగేసింది.

"పాకకే తల్లీ, పాకకే" అంది.

పాప గుక్కపెట్టింది. తల్లి దాన్ని గుండెకి అదుముకుని, గడప లోపలే కూలబడింది. గడప అవతల గుత్తి పట్టుకుని నర్సాయమ్మ.

"ఈ పీట ఎప్పట్నించి పెడుతున్నావే?" అని అడిగింది.

"నెలైందమ్మా" అంది అప్పలకొండ. "బిడ్డ ఎదిగితే ఏ తల్లికైనా సంబరమే. నా బిడ్డ ఎదిగితే నాకు ఇల్లు పోతాది. కాలట్టుకుని ఎనక్కి లాగుతున్నాను. నానేటి సెయ్యాల?"

నర్సాయమ్మ మెట్టు మీంచి లేచింది. అంత నోరున్న మనిషి, గుత్తి చప్పుడు కాకుండా కొంగులో చుట్టుకుని, నడిచి వెళ్ళిపోయింది.

మూడు రోజులు ఆ వీధిలోకి రాలేదు. సింహాద్రి తట్టలూ బుట్టలూ సర్ది ఓ మూల పెట్టాడు.

నాలుగో రోజు పొద్దున్నే వచ్చింది. వస్తూనే గడప దగ్గర పీట తీసి గోడకి చేర్చింది. "పేరమ్మా, అందరినీ పిలు" అంది. అందరూ వచ్చి నిలబడ్డారు. ఆవిడ మెట్టు మీద కూర్చుంది. గుత్తి చూపించలేదు, ఖాళీ చేతులు చాపింది. "రావే" అంది.

ముత్యాలు తల్లి మొహం చూసింది. అప్పలకొండ పెదవి కొరుక్కుంది కానీ, ఈసారి కాలు పట్టుకోలేదు. పాప ఒక చెయ్యి గడప మీద వేసింది. రెండో చెయ్యి వేసింది. పొట్ట ఆనించి, కాళ్ళు తన్నుకుని, అవతలికి దొర్లి, నర్సాయమ్మ ఒళ్ళో పడింది.

వీధిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరికీ ఆవిడ పెట్టిన షరతు గుర్తుంది. సింహాద్రి లోపలికెళ్ళి, స్టూలెక్కి, ఉయ్యాల తాడు ముడి మీద చెయ్యి వేశాడు.

"ఎవరు విప్పమన్నారు నిన్ను?" అంది నర్సాయమ్మ.

"మాట మాటే కదమ్మా" అన్నాడు వాడు.

"ఆ మాట తప్పు. పిల్ల గడప దాటితే గారెలు పంచాలి గానీ సామాను సర్దుకోవడం ఏమిటి? తల్లి చేత బిడ్డ కాలు వెనక్కి లాగించాను. ముగ్గుర్ని కన్నాను, ఒక్కరూ గడప దాటడం చూడలేదు. ఇవాళ చూశాను. దిగు కిందికి. మా ఇంట్లో గారెలు వేగుతున్నాయి, వెళ్ళి పట్రా."

అప్పుడు కొట్టారు చప్పట్లు. ముత్యాలు జడిసి మళ్ళీ ఏడుపు ఎత్తుకుంది.

అంతటితో ఊరుకోలేదావిడ. గారెలు తిన్న చేతులు కడుక్కుని, అందరినీ వెంటబెట్టుకుని పంచాయతీకి వెళ్ళింది. ఊరి పెద్దల ముందు కూర్చుని ఓ కట్టుబాటు రాయించింది. ఉయ్యాల ఉన్న ఇంటిని, ఆ పిల్ల బడికెళ్ళే ఈడొచ్చేదాకా ఎవరూ ఖాళీ చేయించకూడదు. చంటిపిల్ల ఉందని ఎవరికీ ఇల్లు లేదనకూడదు. సున్నం వేయించుకున్న ఆయన గోడల సంగతేమిటని గొణిగాడు. "మళ్ళీ వేయించుకో" అంది నర్సాయమ్మ. కట్టుబాటు కింద మొదటి వేలిముద్ర ఆవిడదే.

మరి చింతపండు ఏమైందంటావా? వ్యాపారికి మాటిచ్చింది కదా. అందుకని గంపలన్నీ తన ఇంటి ముందుగదిలోనే పెట్టించుకుంది. ఆ ఏడాదంతా ఆవిడ చీరలు చింతపండు వాసన. పాయసం తిన్నా పులుపే అనేది. తిట్టుకుంటూనే, రోజూ సాయంత్రం ముత్యాలుని చూడ్డానికి వెళ్ళేది.

ఇవన్నీ నాకెలా తెలుసనేగా? ఆ నర్సాయమ్మ మా అమ్మమ్మ. గల్లాపెట్టె వెనక కాగితంలో గట్టిపడిపోయిన నువ్వుండ నేను చూశాను. నాకు ఎన్నిసార్లు చెప్పిందో ఈ కథ. గడప దగ్గర పీట మాట వచ్చేసరికి ప్రతిసారీ తల దించుకునేది. అంత వయసులోనూ సిగ్గుపడేది.

అందుకే పైవాటా వాళ్ళు అద్దెకి అడగడానికొచ్చి, "మాకు నెలల పాప ఉందండీ" అని భయపడుతూ చెప్తే, తాళం వాళ్ళ చేతిలో పెట్టేశాను. అప్పటికే మూడిళ్ళు తిరిగొచ్చారట. చూశావా, ఇప్పటికీ మూడే.

ఏమిటీ, ఆ పాప ఇంకా నవ్వలేదా అంటావా? లేదనుకుంటా. రెండో నెలే కదా. అయితే రేపు బడి నుంచి రాగానే పైకి వెళ్ళి నువ్వే చూస్తావా? మా తల్లే. డబ్బాలో నువ్వులున్నాయో లేవో నేను చూసుకోవాలి. మీ అమ్మని కూడా తీసుకెళ్ళు. ఆ పాప దాని మొహం చూసి నవ్విందంటే, ఇక ఖాళీ మాట ఎత్తితే ఒట్టు.

ఇంకా ఏడుస్తోందా? ఏడవనీలే. దానిల్లు, దానిష్టం. కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
కాకేమో గూటికి,
పీటేమో గోడకి,
తాళమేమో మేకుకి,
పైనున్న పాపాయి ఉయ్యాలకి,
కిందున్న బంగారం నిద్దరకి,
ఎవరింటి వాళ్ళం మనింటికి.