రాణిగారి వడ్డాణం

రాణిగారు ప్రసవించి నెల తిరిగినా పెళ్లినాటి వడ్డాణం నడుముకు పట్టలేదు. గుమ్మడికాయంత బొజ్జ ఉన్న రాజుగారికి అది చూసి ఒళ్లు మండింది. "నడుము సన్నబడేదాకా రాణికి రోజుకొక్క పూట, పిడికెడు చారన్నమే పెట్టండి!" అని ఆజ్ఞాపించాడు.

మంత్రసాని పైడమ్మ చేతులు కట్టుకుంది. "చిత్తం దొరా. కానీ బాలింతతో పాటు మొగుడూ పథ్యం ఉంటేనే గుణమిస్తుంది. మా వాడలో అదే ఆనవాయితీ."

"ఓస్, అంతేనా!" అని మీసం దువ్వాడు రాజు.

మర్నాటి సాయంత్రానికల్లా ఆయన సింహాసనంలో వాలిపోయాడు. "పైడమ్మా, కాళ్లు వణుకుతున్నాయే! కళ్లు తిరుగుతున్నాయే!"

"అయ్యో, అప్పుడేనా దొరా?" అంది పైడమ్మ. "మీరింకా బిడ్డకు పాలైనా ఇవ్వడం లేదే!"

రాజు వెంటనే తన ఆజ్ఞ రద్దు చేశాడు. ఆ పూటే రాణిగారికి నిండు విస్తరి వేశారు. పెద్దది చేయమని వడ్డాణాన్ని కంసాలికి పంపారు.