మూడు ముంజలకు పోయిన పేరు

అనగనగా, నోటిమాటకు భయపడే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో ‘ఊ’ అంటే ఒట్టు వేసినట్టే. ఒకసారి ‘ఊ’ అన్నాక రాజుగారు దిగివచ్చినా దాన్ని వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. అందుకని అక్కడి జనం ‘ఊ’ అనే ముందు మూడు గుటకలు వేసి, ఆలోచించుకుని, అప్పుడు అనేవారు. ఊ కొడుతున్నారా? మీరు గుటకలు వెయ్యనక్కర్లేదులెండి.

ఆ ఊళ్ళో గవరయ్య అని ఒకడు. మంచివాడు, కష్టజీవి, తల్లి మాట జవదాటడు. లోపమల్లా ఒక్కటే. మనసుకు ఏది తోస్తే అది, తోచిన క్షణానే జరిగిపోవాలి. మన పండుగాడు గోడమీద గీతలు గీసినట్టన్నమాట. సంతలో ఎవడో, నీ పాడిగేదెనిచ్చేస్తే నా మాట్లాడే మైనానిస్తానన్నాడట. గవరయ్య ‘ఊ’ అన్నాడు. మర్నాడు ఆ మైనాకు ఎగరడం వచ్చో రాదో చూడాలనిపించింది. పంజరం తలుపు తీశాడు. వచ్చునని తేలింది.

గేదె పోయె, మైనా పోయె, మజ్జిగ పోయె. భార్య నూకాలు ఆ పూట చారన్నం పెట్టి, మజ్జిగ పొయ్యాల్సిన చోట ఖాళీ ముంత పెట్టి ఊరుకుంది. అనడం కంటే అదే ఎక్కువ.

ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గవరయ్య తాటితోపులోంచి వస్తున్నాడు. దాహంతో నాలుక పిడచగట్టుకుపోతోంది. చెట్టుకింద ఒక ముసలివాడు లేత ముంజలు ముందు పెట్టుకు కూర్చున్నాడు. మూడు ముంజలిస్తాను, నీ పేరు నాకిస్తావా అన్నాడు. పేరేమన్నా పొలమా, పుట్రా, పోతే పోయిందని మనసుకు తోచింది. గుటక లేదు, ఆలోచన లేదు, ‘ఊ’ అన్నాడు. మూడో ముంజ గొంతు దిగాక చూశాడు, ముసలివాడి పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయి.

ఆ దెయ్యం నవ్వి, “రేపు పొద్దు గూకేదాకా చూడు నాయనా. అప్పటికీ తిరిగి తీసుకోలేకపోతే పేరు నాది, నా తాటిచెట్టు నీది,” అని చెప్పి, తిన్నగా ఊళ్ళోకి నడిచింది.

ఇక చూడండి. దారిన పోయేవాళ్ళందరూ దెయ్యానికి, గవరయ్యా బాగున్నావా అని దండాలు. అసలు గవరయ్యకు మంచినీళ్ళిచ్చేవాడు లేడు. మంగలి ఎవరన్నాడు, చాకలి ఎవరంది, వాడి కుక్కే వాణ్ణి చూసి మొరిగింది. ఇంటికి పరుగెత్తితే కన్నతల్లి గుమ్మంలో నిలబడి, “ఎవరు బాబూ నువ్వు? ఏ ఊరు?” అంది. గవరయ్య అక్కడే కూలబడ్డాడు.

అప్పుడు లోపల్నించి నూకాలు గొంతు వినిపించింది. “ఏవండీ, ఇంతసేపూ ఎక్కడికెళ్ళారు? అన్నం చల్లారిపోతోంది.”

ఆవిడకెలా తెలిసిందంటావా హైమా? ఆ రోజుల్లో ఏ ఇల్లాలు మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది గనక? మీ తాతగారి పేరు నేనిప్పటికీ పలకను. రేషను కార్డు వాళ్ళడిగితే మీ అమ్మచేత చెప్పించాను. నూకాలు నోట ఏనాడూ లేని పేరును దెయ్యం ఎలా ఎత్తుకుపోతుంది?

సంగతంతా విని నూకాలు ఆ రాత్రి ఆలోచించింది. మర్నాడు సాయంత్రం రచ్చబండ దగ్గరికి వెళ్ళింది. దెయ్యం కాలుమీద కాలు వేసుకుని, పదిమంది మధ్య పెద్దమనిషిలా కూర్చుని ఉంది. పొద్దు తాటాకుల్లోకి జారుతోంది. పొద్దు పోవడానికి ఒక కథ చెబుతాను, ఊ కొడతారా అని నూకాలు దాన్ని వినయంగా అడిగింది. కథంటే దెయ్యానికైనా సరదాయేగా.

“తోపులో ఒక తాటిచెట్టు.”

“ఊ.”

“చెట్టుకు పది గెలలు.”

“ఊ.”

“గెలకు పది కాయలు.”

“ఊ.”

“కాయకు మూడు ముంజలు.”

“ఊ.”

“మూడు ముంజలకు ఒక పేరు.”

“ఊ.”

“ఆ పేరు తిరిగి ఇచ్చేస్తున్నావు.”

“ఊ.”

రచ్చబండ మీద పదిమందీ విన్నారు. ఆ ఊరివాడి పేరు పెట్టుకున్నాక ఆ ఊరి ఒట్టు దానికీ తగిలిందాయె. పేరు చేజారగానే దెయ్యం వెనక్కి తిరిగిన పాదాలు అందరి ముందూ బయటపడ్డాయి. తిట్టుకుంటూ, వెనక్కి నడుస్తున్నదో ముందుకు నడుస్తున్నదో ఎవరికీ తెలియకుండా తోపులోకి వెళ్ళిపోయింది. ఇంటి దగ్గర ముసలితల్లి, “ఒరే గవరయ్యా, నిన్నట్నించీ ఏమైపోయావురా,” అంటూ కొడుకును కావలించుకుని ఏడ్చింది.

ఆనాటి నుంచీ గవరయ్య ఎవరేమడిగినా మూడు గుటకలు వేసేవాడు. అన్నం వడ్డించనా అన్నా మూడు గుటకలే. అందరూ సుఖంగానే ఉన్నారు. గేదె మాత్రం రాలేదర్రా. తొందరలో పోగొట్టుకున్నవన్నీ తిరిగి రావు. తమ గేదె పాలే ఆ సంతవాడి దగ్గర కొనుక్కుని తాగారు.

నిద్రొస్తోందా?

ఊ.

కథ కంచి దారి పట్టిందా?

ఊ.

మనం దుప్పట్లోకి దూరామా?

ఊ.

రేపు పొద్దున్నే కుంకుడు పులుసుతో తలంటితే ఏడవకుండా కూర్చుంటారా?

ఊ.

విన్నాను. ఇద్దరూ అన్నారు. ఇక పడుకోండి.