బండకు తాడున్నవాళ్ళు

బుద్ధులంక ఊరివాళ్ళకి తెలివి ఎక్కువ. ఆ మాట వాళ్ళే చెప్పుకునేవారు. ఇంకొకళ్ళు చెప్పేదాకా ఆగడం దేనికని వాళ్ళ ఉద్దేశం. రోజూ వాడితే తెలివి అరిగిపోతుందని, దాన్ని జాగ్రత్తగా దాచి ఊరి సమావేశం రోజున మాత్రమే బయటికి తీసేవారు. తెలివి విషయంలో అంత పొదుపరులు నాకింకెక్కడా తగల్లేదు.

ఆ ఊరి పంట కాలువలోంచి ఒక పిల్లకాలువ చీలుతుంది. సరిగ్గా దాని మొదట్లో, గట్టుని ఆనుకుని, నీళ్ళకి అడ్డంగా పెద్ద బండ ఒకటి పడి ఉండేది. ఎప్పుడు పడిందో ఎవరికీ తెలీదు. పడింది కదా అని బుల్లియ్య వాళ్ళ తాత దానికి గేదెను కట్టాడు. ఆ గేదె పోయి ఇంకో గేదె వచ్చింది గానీ ముడి మాత్రం అదే. నూకరత్నం పెసరట్ల పాక ముందున్న పందిరిని లాగి కట్టిందీ దానికే. ఊరిపెద్ద గవర్రాజు పంచెలారేసుకునే దండెం ఒక కొస ఆయన అరుగు స్తంభానికుంటే, రెండో కొస బండకుంది. పెద్దలు వేసిన ముడి విప్పకూడదని ఊళ్ళో ఆచారం. ఇంకో ఆచారం కూడా ఉంది. బండకు తాడున్నవాళ్ళే బండ గురించి మాట్లాడాలి. తాడు లేనివాళ్ళకి దాంతో ఏం పని?

పనున్నది అచ్చియ్యమ్మకి. అందరి పొలాలూ బండకి ఇవతలే ఉన్నాయి. అవతల ఉన్నది ఆవిడ అరెకరం ఒక్కటే. మొగుడు పోయాక ఆవిడకి మిగిలింది ఆ పొలమూ, పెద్ద గొంతూ. పోసిన నారుమడి అప్పుడే పసుపురంగుకి తిరిగింది. వారంలో తడి తగలకపోతే నారు పోయినట్టే. నారు పోతే ఏడాది పొడుగునా పరాయి చేలో కూలికి వంగాల్సిందే.

ఆవిడ గొంతు విని కాలువ లస్కరు సూరన్న సైకిలు దిగాడు. కాలువల్లో నీళ్ళు సరిగా పారేలా చూడ్డం అతని ఉద్యోగం.

"ఆ బండ తీసెయ్యండయ్యా," అన్నాడు. "అది ఉన్నంతకాలం చివరి పొలానికి చుక్క నీరు రాదు."

వెంటనే సమావేశం పెట్టారు. తెలివి బయటికి తీశారు. గవర్రాజు చాలాసేపు మీసం నిమిరి, "నీళ్ళు రానిది చివరి పొలానికే కదా?" అన్నాడు.

"ఆయ్, చివరిదానికేనండి," అన్నాడు బుల్లియ్య.

"అయితే అచ్చియ్యమ్మ పొలాన్ని చివరిది కాకుండా చేసేస్తే సరిపోద్ది!"

ఇంకేముంది, చప్పట్లు. నూకరత్నం అందరికీ వేడి పెసరట్లు పెట్టింది. మర్నాడు పారలు, గునపాలు పట్టుకుని ఊరంతా తుమ్మతుప్పల బీడు మీద పడింది. రెండు రోజులు ఒళ్ళు హూనం చేసుకుని, అచ్చియ్యమ్మ పొలం అవతల ఇంకో పొలానికి గట్లు వేశారు. "ఇదే చివరిది" అని పలక మీద రాసి పాతారు. అంతే, ఇదివరకు ఊళ్ళో ఒక్క పొలానికే నీళ్ళు లేవు, ఇప్పుడు రెండింటికి లేవు.

"మావయ్యగారూ, నీళ్ళేవండీ?" అంది అచ్చియ్యమ్మ.

"తొందరేమిటమ్మా?" అన్నాడు గవర్రాజు. "ఇప్పుడు నీది చివర్నించి రెండోది. హోదా పెరిగిందా లేదా?"

సూరన్న వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "పొలాన్ని కాదు బాబూ, బండని! దానికి కట్టి ఉన్నవాళ్ళని అడిగి, ఒప్పించి, తీసెయ్యండి," అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

మళ్ళీ సమావేశం. ముందు బుల్లియ్యని అడిగారు.

"నన్నెందుకండీ అడుగుతారు? బండకి కట్టి ఉన్నది నేనా? గేదె!"

నిజమే అనుకుని అందరూ లేచి గేదె దగ్గరికి వెళ్ళారు. గవర్రాజు గొంతు సవరించుకుని, బండ తియ్యమంటావా అని మర్యాదగా అడిగాడు. గేదె ముఖం మీద ఈగలు వాలాయి. అది తల అడ్డంగా ఊపింది. "వద్దంటోంది," అని రాసుకున్నారు. తర్వాత పందిరిని అడిగారు. పందిరి ఏమీ అనలేదు. ఆడమనిషి ఇంటి పందిరి, నలుగురిలో ఎలా మాట్లాడుతుందని బుల్లియ్య సర్దిచెప్పాడు. చివరికి పంచెని అడిగారు. అప్పుడే గాలి వీచి పంచె పటపటా కొట్టుకుంది. "అమ్మో, దీనికి కోపం వచ్చింది," అని గవర్రాజు రెండడుగులు వెనక్కి వేశాడు.

అచ్చియ్యమ్మ గొంతెత్తింది. "అయితే నా నారుని కూడా అడగండి! బతకాలని ఉందో లేదో అడగండి!"

"దానికి తాడుందా?" అన్నాడు గవర్రాజు.

"లేదు."

"మరి?"

ఆవిడ గట్టు మీద కూలబడి భోరుమంది. బుద్ధులంకవాళ్ళు బుర్ర తక్కువవాళ్ళే గానీ గుండె తక్కువవాళ్ళు కాదు. ఆవిణ్ణి చూసి బుల్లియ్య కళ్ళు తుడుచుకున్నాడు. నూకరత్నం ముక్కు చీదింది. గవర్రాజుకి జాలితోపాటు ఉపాయం కూడా పుట్టుకొచ్చింది. "ఒక్క ముడీ విప్పకుండా బండ తీసేద్దాం. ఎవరికీ నష్టం లేదు!"

అంతే, పది గునపాలు వచ్చాయి. హైలెస్సా అంటూ ఊపారు. బండ కదిలింది, లేచింది, ఇరవై చేతుల మీదికి ఎక్కింది. నీళ్ళు గలగలమంటూ పిల్లకాలువలోకి దూకాయి. అచ్చియ్యమ్మ ఆ నీళ్ళతో పాటు పరిగెత్తింది. నారుమడిలోకి నీరు ఎక్కుతుంటే, చిన్నపిల్లలా అందులో గెంతింది. ఆ ఆనందం చూడాల్సిందే.

ఇక్కడ బండ చేతుల మీదే ఉంది. ఎక్కడ పెట్టాలి? తూర్పుకి జరిగారు. తాడు బిగిసి గేదె గుడ్లు తేలేసింది. పడమటికి జరిగారు. పందిరి ఒరిగి పెసరట్ల పెనం మీద పడింది. ఉత్తరానికి జరిగారు. దండెం సాగి గవర్రాజు అరుగు స్తంభం ఊగింది, ఇంట్లోంచి ఆయన భార్య కేక పెట్టింది. నడినెత్తిన ఎండ. చేతులు పడిపోతున్నాయి.

"అన్ని తాళ్ళూ అందే చోటు ఒకటుందండోయ్!" అని అరిచాడు బుల్లియ్య.

ఇంకేముంది, ధబ్బున అక్కడ పెట్టేశారు. కొలిచి పెట్టినట్టు సరిపోయింది.

అచ్చియ్యమ్మ తడికాళ్ళతో నవ్వుకుంటూ వచ్చి చూస్తే, పిల్లకాలువ మొదట్లో బండ. చుట్టూ అందరూ ఒకళ్ళ వీపు ఒకళ్ళు తట్టుకుంటున్నారు.

"ఇదేంటండీ?" అంది.

"బండ తీశామా లేదా?" అన్నాడు గవర్రాజు.

"తీశారు."

"నీళ్ళొచ్చాయా లేదా?"

"వచ్చాయి. మరి పదిరోజులు పోయాక?"

"అప్పటి సంగతి సమావేశంలో మాట్లాడదాం."

"నన్ను మాట్లాడనివ్వరుగా!"

"నీకు తాడు లేదు కదమ్మా," అన్నాడాయన ఎంతో బాధపడుతూ.

ఇంటిదాకా ఆలోచించుకుంటూ నడిచింది అచ్చియ్యమ్మ. మర్నాడు పుట్టింటికి వెళ్ళి అన్నగారిని అడిగి ఒక మేకని తోలుకొచ్చింది. కొత్త తాడుతో దాన్ని బండకి కట్టి రెండు ముళ్ళు వేసింది. ఊరంతా మెచ్చుకుంది. సమావేశంలో ముందు చాప ఆవిడకే వేశారు. ఆ రోజు ఆవిడ బండ తియ్యమని మాట్లాడిందీ మాట్లాడిందీ, పెసరట్లు చల్లారిపోయేదాకా మాట్లాడింది. అందరూ చివరిదాకా విని ఇళ్ళకి వెళ్ళారు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ మాట అంతమంది వినడం అదే మొదలు.

పదిరోజులు తిరిగేసరికి నారు మళ్ళీ పసుపురంగుకి తిరిగింది. సూరన్న ఇంక ఉండబట్టలేక నలుగురు మనుషుల్నీ గొలుసునీ వెంటబెట్టుకుని వచ్చాడు.

"మీరెవరూ చెయ్యి కూడా కదపక్కర్లేదు. గేదెకి గుంజ, పందిరికి రాట, పంచెలకి స్తంభం, మేకకి కూడా ఓ గుంజ, అన్నీ నేనే పాతిస్తాను. ముళ్ళు విప్పిన పాపం నాదే. బండని అవతల పారేసి వస్తాను. సరేనా?"

బుల్లియ్యకి నడుం నొప్పి ఇంకా తగ్గలేదు. సరేనన్నాడు. పెసరట్ల పెనానికి పడిన సొట్ట గుర్తొచ్చి నూకరత్నం సరేనంది. పాపం అచ్చియ్యమ్మ కోసం కదా అని గవర్రాజు కూడా సరేనన్నాడు. ఊరు ఊరంతా ఒక్క మాట మీదికి వచ్చింది. సూరన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొలుసు భుజానికెత్తుకుని, "ఇంక నువ్వు కూడా సరేనంటే చాలమ్మా," అన్నాడు.

అచ్చియ్యమ్మ గభాలున వెళ్ళి బండకి అడ్డంగా నిలబడింది.

"బాగానే ఉంది నీ వరస! బండ తియ్యమని అడగడానికే కదయ్యా నేను తాడు కట్టింది? ఇంత కష్టపడి హక్కు సంపాదిస్తే, ఇప్పుడు బండే తీసేస్తానంటావా? అది పోతే ఇంక నేను దేన్ని తియ్యమని అడగాలి?" అని, తాడుకి మూడో ముడి వేసింది.